ఊయల ముందే కొనాలా అని అడిగిన అమ్మాయికి

వందనాలమ్మా. మీరు రాసింది మొన్న రాత్రి చదివాను. వెంటనే జవాబు రాయబోయి ఆగాను. పొద్దున లేచి ప్రార్థన చేసుకుని, ఇంకోసారి చదివి ఇప్పుడు మొదలుపెట్టాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. ఇదే సంగతి అడగలేక లోపలే దాచుకున్నవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లకూ తెలియాలని మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను.

పెళ్లయి ఎనిమిదేళ్లయినా మీకు పిల్లలు లేరు. మూడేళ్ల కిందట డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు, అంటే బైబిలు వచనం రాసిన చీటీ, తీస్తే మీకు కీర్తన 113:9 వచ్చింది: “ఆయన సంతులేనిదానిని ఇల్లాలుగాను కుమాళ్ల సంతోషముగల తల్లిగాను చేయును.” చుట్టూ ఉన్నవాళ్లంతా స్తోత్రం అన్నారు. మీ అత్తగారు అక్కడే ఏడ్చేశారు. మొదటి ఏడాది ధైర్యంగా గడిచింది. రెండో ఏడాది స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ, “విశ్వాసముంటే ఊయల కొని ఇంట్లో కట్టు, దేవుడు ఇచ్చేశాడని సాక్ష్యం చెప్పు” అన్నారు. మీకు నోరు రాలేదు. ఇప్పుడు డాక్టరమ్మ ఇద్దరినీ పరీక్షలకు రమ్మంటే, వాగ్దానం చేతిలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లడం అవిశ్వాసమని ఇంట్లో అంటున్నారు. “చూడకముందే నమ్మడమంటే ఊయల కొనడమేనా? నా విశ్వాసం చాలకే ఆగిపోయిందా?” అని మీరు అడిగారు.

టెన్షన్ పడుతూ చివరిదాకా వెతుక్కోకుండా జవాబు ఇక్కడే చెప్పేస్తాను. ఊయల కొనక్కర్లేదు. పరీక్షలకు వెళ్లండి, ఇద్దరూ వెళ్లండి. మీ విశ్వాసం చాలకే ఇలా అయిందని తీర్పు చెప్పే అధికారం ఆ కూడికలో ఎవరికీ లేదు, నాకూ లేదు.

ఎందుకలా అంటున్నానో చెప్పాలి. నేను పాస్టర్‌ని కాను. రిజిస్ట్రేషన్ శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఒంగోల్లో మా సంఘానికి చాలా ఏళ్లుగా పెద్దగా ఉన్నాను, సండే స్కూలు చెబుతాను. వాగ్దానాల గురించి నాకు తెలిసిన దాంట్లో సగం బైబిలు ముందు కూర్చుని నేర్చుకున్నది, సగం దస్తావేజుల ముందు కూర్చుని నేర్చుకున్నది. అందుకే నాకు యిర్మీయా 32వ అధ్యాయం చాలా దగ్గరైంది. బైబిల్లో ఒక భూమి కొనుగోలును అంత వివరంగా రాసిన చోటు అదే.

యెరూషలేమును బబులోను సైన్యం ముట్టడించింది. సిద్కియా రాజు పాలనలో పదో సంవత్సరం. ఊరు పడిపోతుందని చెప్పినందుకు యిర్మీయా ప్రవక్తను రాజే చెరసాల ప్రాకారంలో పెట్టించాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు అక్కడికే వచ్చి, “అనాతోతులో ఉన్న నా పొలం నువ్వు కొను, బంధువుగా దాన్ని విడిపించే హక్కు నీది” అన్నాడు. అనాతోతు యెరూషలేముకు దగ్గరే, నాలుగైదు కిలోమీటర్ల దూరం. అంటే ఆ పొలం అప్పటికే శత్రు సైన్యం తిరుగుతున్న నేల. పైగా ఆ ఊరివాళ్లే ఒకప్పుడు యిర్మీయాను చంపుతామని బెదిరించారు, 11వ అధ్యాయంలో ఉంది. ఫలానా ఊరు ప్రాజెక్టు కింద మునిగిపోతుందని తెలిశాక ఆ ఊరి భూమికి ఎవరు రూపాయి పెడతారు? నా సర్వీసులో అలాంటి ఊళ్లను చూశాను. ముంపు మాట పుట్టిన నాటి నుంచి ఆ ఊరి క్రయపత్రాలు మా టేబుల్ మీదికి రావడం ఆగిపోతుంది.

యిర్మీయా కొన్నాడు. 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. పత్రం రాయించాడు, సాక్షులతో సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, విప్పి చూసుకునే పత్రం ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారని దేవుడు చెప్పిన మాటకు అది గుర్తు.

చూశారా, యిర్మీయా కూడా చూడకముందే కొన్నాడు కదా, మరి ఊయల ఎందుకు కొనకూడదు అని మీకు చెప్పినవాళ్లు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. ఆ అధ్యాయం నెమ్మదిగా చదవండి. హనమేలు వస్తాడని దేవుడు యిర్మీయాకు ముందే చెప్పాడు. ఆ తర్వాత హనమేలు నిజంగా వచ్చాడు. అప్పుడు గానీ అది యెహోవా వాక్కు అని తెలుసుకున్నానని యిర్మీయా రాయలేదు. ఎనిమిదో వచనం చూడండి. అంతటి ప్రవక్త కూడా తన మనసులో వచ్చిన మాటను పరీక్షించుకున్నాడు. కొనమని చెప్పింది దేవుడు, పక్కింటి పెద్దమనిషి కాదు. ఆ వాగ్దానం యిర్మీయా ఒక్కడి కడుపు నిండడం గురించి కాదు, ఆ జనమంతా ఆ నేలకు తిరిగి రావడం గురించి.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాత జరిగింది. కుండ మూత పెట్టాక యిర్మీయా ప్రార్థన చేశాడు. “నీకు అసాధ్యమైనదేదియు లేదు” అని మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి, ఊరు శత్రువు చేతికి పోతోంది, నువ్వేమో పొలం కొనమన్నావు ప్రభువా అని అర్థంకాక ఆగిపోయాడు. సంతకాలైపోయాయి, అయోమయం పోలేదు. దేవుడు అతన్ని కోప్పడలేదు. “నాకు అసాధ్యమైనదేదైన నుండునా?” అని, అతను అన్న మాటనే తిరిగి అడిగాడు. మీ మనసులో సందేహం ఉందని మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు. యిర్మీయా సందేహం బైబిల్లో అచ్చయి ఉంది, కాబట్టి సిగ్గు పక్కన పెట్టండి.

యెరూషలేము క్రీ.పూ. 586లో పడిపోయింది. యిర్మీయాను ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో ఒక్క గింజైనా పండించుకున్నట్టు ఎక్కడా లేదు. దాదాపు 50 ఏళ్లకు, క్రీ.పూ. 538 తర్వాత, పారసీక రాజు కోరెషు సెలవిస్తే జనం తిరిగొచ్చారు. ఎజ్రా 2వ అధ్యాయంలో తిరిగొచ్చిన వాళ్ల లెక్కలుంటాయి. సామాన్యంగా ఎవరూ చదవని అధ్యాయం. 23వ వచనంలో, అనాతోతు వాళ్లు 128 మంది అని రాసి ఉంది. ఆ ఒక్క లైను మొదటిసారి కళ్లబడ్డ రోజు నేను ఆఫీసులో భోజనాల టైములో ఉన్నాను. బాక్సు మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇక నా వృత్తి మాట. హెబ్రీ 11:1లో విశ్వాసం “నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపము” అని ఉంది కదా. నిజస్వరూపమని అనువదించిన ఆ గ్రీకు మాట హుపోస్టాసిస్. ఈజిప్టులో దొరికిన పాత పత్రాల్లో ఆ మాటను ఆస్తి హక్కు కాగితాల సందర్భంలో వాడారని కొందరు పండితులు చూపించారు. హెబ్రీ పత్రికలోనూ అదే అర్థమని అందరూ ఒప్పుకోరు, కానీ నాకైతే ఆ పోలిక బాగా పనికొచ్చింది. దస్తావేజు చేతికొచ్చిన రోజే హక్కు వస్తుంది. స్వాధీనం అదే రోజు రావచ్చు, కౌలుదారు పంట కోసుకున్నాక రావచ్చు, ఇంకా ఆలస్యం కావచ్చు. ఇంకా పొలంలో అడుగుపెట్టలేదని ఎవరూ దస్తావేజు చించేసుకోరు. చూడకముందే నమ్మడం నాకు అలా అర్థమైంది.

అయితే దస్తావేజులో అసలు ప్రాణం వెనకనుండే షెడ్యూలులో ఉంటుంది. సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం ఎంత, నాలుగు హద్దులేమిటి. ఎంత నమ్మకంగా చెప్పినా, ఎంత గట్టిగా అరిచినా, షెడ్యూల్లో లేని పొలం మనది కాదు. మన సంఘాల్లో విశ్వాసం గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, షెడ్యూలు మాత్రం చదవరు. ఎవరు రాశారు, ఎవరి పేరున రాశారు, ఏమి రాశారు, స్వాధీనం ఎప్పుడు అన్నారు, ఈ నాలుగూ చూడకుండా ఒక వచనాన్ని చేతికిచ్చి, ఇది నీకే, ఈ ఏడాదే అంటున్నారు.

యిర్మీయా 29:11 మన ఇళ్లల్లో గోడ మీద లేని ఇల్లుండదు. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.” దాని పై వచనం గోడ మీద నేనెప్పుడూ చూడలేదు. బబులోనులో 70 సంవత్సరాలు గడిచాకనే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది అందులో. బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. దాన్ని అందుకున్న నలభై ఏళ్ల మనిషి తిరుగు ప్రయాణం చూడడు. అందుకే ముందు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాయించాడు దేవుడు. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తుందని దేవాలయంలో ప్రకటించాడు. జనానికి ఎంత సంతోషమై ఉంటుంది! యిర్మీయా కూడా, ఆమేన్, అలాగే జరగాలి అన్నాడు. అతనికీ అదే కావాలి. కానీ దేవుడు అలా చెప్పలేదు. హనన్యా విశ్వాసంలో బలహీనుడు కాదు, చాలా ధైర్యంగానే మాట్లాడాడు. చెప్పని మాటను చెప్పినట్టు చెప్పాడు, అదీ తప్పు.

ఇప్పుడు మీ కార్డు. కీర్తన 113 మొత్తం చదివితే, అది ఎవరో ఒక స్త్రీకి ఇచ్చిన తేదీ కాదని తెలుస్తుంది. దేవుడు ఎలాంటివాడో చెప్పే పాట అది. ఆకాశం పైన ఉండి కూడా వంగి చూసేవాడు, దరిద్రుణ్ణి మట్టిలోనుంచి లేవనెత్తేవాడు, పిల్లలు లేని ఇల్లాలి పక్షాన నిలబడేవాడు. శారా, హన్నా, ఎలీసబెతు ఆ మాటకు సాక్షులు. కాబట్టి పిల్లల కోసం ఆయన్ని ఎంత ధైర్యంగానైనా అడగవచ్చు, ఏడ్చి అడగవచ్చు. అడగడానికి ఆ కీర్తన మీకు పూర్తి హక్కు ఇస్తుంది. ఫలానా ఏడాదిలో అని మాత్రం అందులో లేదు. పిల్లలు లేకపోతే ఆ ఇల్లు దేవుడి లెక్కలో తక్కువ అని కూడా లేదు. యెషయా 56లో సంతానం లేనివాళ్లతోనే దేవుడు మాట్లాడతాడు, కొడుకులు కూతుళ్లకంటే శ్రేష్ఠమైన పేరు తన ఇంట్లో ఇస్తానంటాడు. ఈ వచనం వాగ్దాన కార్డు మీద ఎప్పుడైనా వచ్చిందా?

కార్డులు తీసే ఆచారం వద్దని నేను అనను. మా సంఘంలోనూ ఉంది, నేనే కత్తిరించి బుట్టలో వేస్తాను. కత్తిరించే చేతులు మావి కాబట్టి, అది దేవుడు మీ పేరున పంపిన రిజిస్టర్డ్ పోస్టు కాదని నాకు బాగా తెలుసు. ఆయన ఆ చీటీ ద్వారా మీతో మాట్లాడలేడని కాదు. మాట్లాడాడో లేదో యిర్మీయాలా ఆగి చూసుకోవాలి.

ఇక్కడ నా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మూడో కీమో తర్వాత, ప్రార్థన చేయడానికి వచ్చిన ఒకాయన, “అతడు పొందిన దెబ్బలచేత” అన్న వచనం చదివి, స్వస్థత ఇచ్చేశాడు, ఇక మందు తీసుకుంటే వాగ్దానాన్ని కాదన్నట్టే అన్నాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. అది తప్పని నాకు తెలుసు. నోరు తెరిస్తే అవిశ్వాసినంటారేమో అని ఊరుకున్నాను. అక్క రెండు నెలలు ఆస్పత్రికి వెళ్లలేదు. తర్వాత గడ్డ పెరిగి నొప్పి ఎక్కువై మళ్లీ వెళ్లాం. ఆ రెండు నెలల వల్ల ఎంత నష్టం జరిగిందో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకో మూడేళ్లు బతికింది. ఆ రోజు ఊరుకున్నందుకు నేను దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, అక్క దగ్గరా ఒప్పుకున్నాను. అందుకే ఈ రోజు మీకు ఇంత గట్టిగా రాస్తున్నాను.

చివరి నెలలో అక్క కీర్తన 73 చదివించుకునేది. “నా శరీరము నా హృదయము క్షీణించిపోయినను దేవుడు నిత్యము నా హృదయమునకు ఆశ్రయదుర్గమును స్వాస్థ్యమునై యున్నాడు.” ఒకరోజు, స్వాస్థ్యమంటే ఏంట్రా అని అడిగింది. వాటాకు వచ్చిన ఆస్తి అక్కా అన్నాను. అయితే మళ్లీ చదువు అంది.

ఆస్పత్రికి వెళ్లడం గురించి ఇంకొక్క మాట. అబ్రాహాము విశ్వాసాన్ని పౌలు వర్ణించే రోమా 4:19 మన తెలుగు బైబిల్లో చూడండి. వందేళ్ల వయసులో తన శరీరం మృతతుల్యమైందనీ, శారా గర్భం కూడా అలాగే అయిందనీ “ఆలోచించెను గాని” అని ఉంది. అంటే రిపోర్టు చదివాడు. చదవకుండా కళ్లు మూసుకోలేదు. చదివాకే నమ్మాడు. పరీక్షలు చేయించుకుంటే ఉన్న సంగతి తెలుస్తుంది, ఉన్న సంగతి తెలిస్తే దేవుడి శక్తి తగ్గదు. మీవారు రావడానికి ఇష్టపడడం లేదని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అది పెద్ద విషయమే అనిపించింది. పిల్లలు కలగకపోవడానికి కారణం మగవాళ్లలోనూ ఉండొచ్చు, ఇద్దరిలోనూ ఉండొచ్చు. ఎనిమిదేళ్లుగా ఆ భారమంతా మీ ఒక్కరి మీద, మీ విశ్వాసం మీద వేశారు. ఆయన్ని మా దగ్గరికి పంపినా సరే, ఒంగోలు దూరమైతే మీ సంఘంలో ఒక నిదానమైన పెద్దమనిషితో మాట్లాడించినా సరే. మగవాడితో మగవాడు మాట్లాడితే కొన్నిసార్లు తేలికవుతుంది. ఏ చికిత్స తీసుకోవాలి, ఏది మీ మనస్సాక్షికి సరిపోదు అన్నది ఆ తర్వాతి మాట. ముందు పరీక్ష.

మార్కు 11:24 గురించి అడిగారు. “మీరు అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడి.” ఈ మాటను నేను తేలిక చేయను, ప్రభువు నోటి మాట అది. కానీ అదే మార్కు సువార్తలో మూడు అధ్యాయాలు దాటితే గెత్సేమనే తోట వస్తుంది. ఆ మాట చెప్పిన ప్రభువే సాగిలపడి, తండ్రీ నీకు సమస్తం సాధ్యం, ఈ గిన్నె, అంటే రాబోయే సిలువ శ్రమ, తొలగించు అని అడిగాడు. గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం చాలక తొలగలేదని అనగలమా? నీ చిత్తప్రకారమే కానిమ్ము అన్నాడు. ఆ సువార్త రాసినవాడు ఈ రెండు ప్రార్థనలనూ ఒకే పుస్తకంలో పెట్టాడు, మనం ఒకటి చదివి ఇంకోటి మానేస్తే ఎలా? తొమ్మిదో అధ్యాయంలో ఇంకొక తండ్రి ఉన్నాడు, “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అన్నవాడు. అంత సగం సగం ప్రార్థనకే అతని కొడుకు బాగుపడ్డాడు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఒంగోల్లో ప్రార్థన కొండ ఉంది. తెలుగు దేశంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని 1836లో శామ్యూల్ డేతో మొదలైంది, 1840 నుంచి నెల్లూరు కేంద్రం. ఏళ్లు గడిచినా వచ్చిన విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆరోగ్యం పాడై డే 1853లో వెళ్లిపోయాడు. అదే సంవత్సరం అమెరికాలోని ఆల్బనీలో జరిగిన వార్షిక సభలో, ఈ మిషన్ మూసేయాలా అని చర్చ పెట్టారు. మ్యాపు మీద ఒక్క చుక్కగా ఉన్న మిషన్ కాబట్టి దానికి ఒంటరి నక్షత్రమని పేరొచ్చింది. మూసేయకుండా నిలబెట్టారు. ఆ తర్వాత 1854 జనవరి 1 తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. కొత్త సంవత్సరం రోజే, గమనించారా. వాళ్ల చేతిలో ఒంగోలు పేరు రాసిన కార్డు లేదు. ప్రభువు సమస్త జనాల దగ్గరికీ వెళ్లమన్నాడని, తోడుంటానన్నాడని తెలుసు. ఆ షెడ్యూలులోంచే అడిగారు. అడిగి, కొండ దిగి తమ పనికి పోయారు.

వాళ్లు అడిగిన ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్లు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. మీకు చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. క్లౌ రాకముందే, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు ఏలూరు వైపు సువార్త విని నమ్మాడు. కొండ మీద ప్రార్థించినవాళ్లకు అది తెలియదు. పేరయ్యకు వీళ్ల ప్రార్థన తెలియదు. ఆ తర్వాత మాదిగ పల్లెల్లో వెలుగు పాకింది ఎక్కువగా పేరయ్యలాంటివాళ్ల కాళ్ల మీదే. ఫలితం కనబడని ఆ పన్నెండేళ్లలో దేవుడు వేరే దారిలో, వేరే మనిషి దగ్గర పనిలో ఉన్నాడు.

1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. సహాయం పని అయిపోయాక 1878లో మొదలుపెట్టారు. జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఇచ్చారు. ఈ అంకె చాలామంది ప్రసంగాల్లో చెబుతారు. ప్రార్థిస్తే వేలల్లో ఫలితం అని చెప్పడానికి నేను దీన్ని వాడను. కరువు వల్ల ఎన్ని ప్రాణాలు పోయాయో ఆ అంకె వెనక ఉంది. నేను చూసేది శామ్యూల్ డేని. ఆయన 1871లో అమెరికాలోనే కన్నుమూశాడు. గుండ్లకమ్మ రోజు చూడలేదు. “దూరమునుండి చూచి వందనముచేసి” అని హెబ్రీ 11:13లో ఉన్నవాళ్ల వరసలో ఆయనా ఉన్నాడు. అబ్రాహాముకు దేశమంతా ఇస్తానన్నాడు దేవుడు. అబ్రాహాము చనిపోయేనాటికి క్రయం చేసి సంపాదించింది 400 తులాల వెండికి కొన్న మక్పేలా పొలం, అందులో శారాను పాతిపెట్టిన గుహ.

ఇది చదివి మీ మనసు బరువెక్కితే క్షమించండి. మీకు పిల్లలు కలగరని నేను అనడం లేదు, అలా అనడానికి కూడా నాకు అధికారం లేదు. ప్రతి శుక్రవారం మా కూడికలో మీ పేరు చెప్పకుండా, ఒక చెల్లెలికి బిడ్డనిమ్మని అడుగుతాం. స్పష్టంగా, బిడ్డనే అడుగుతాం.

రేపు ఏమి చేయాలి అంటారా. మీ దస్తావేజులో ఖచ్చితంగా మీ పేరున ఉన్నవాటిని ముందు చదువుకోండి. నిన్ను ఎన్నడును ఎడబాయను అన్నాడు, హెబ్రీ 13:5. తన దగ్గరికి వచ్చినవాళ్లను బయటికి తోసివేయనన్నాడు, యోహాను 6:37. జ్ఞానం కొదువగా ఉంటే అడగమన్నాడు, గద్దించకుండా ఇస్తానన్నాడు, యాకోబు 1:5. చివరిది ఈ వారమే మీకు కావాలి, ఏ డాక్టరు, ఏ చికిత్స, అత్తగారికి ఎలా చెప్పాలి అన్నవాటికి. వీటికి స్వాధీనం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఏడుపు వస్తే 13వ కీర్తన తీసి, ఎంతకాలం ప్రభువా అని పైకి చదవండి. ఏడ్చి అడగడం కూడా నమ్మడమే, వినేవాడు లేడనుకునేవాడు అడగడు.

సాక్ష్యం చెప్పమని మళ్లీ అడిగితే, జరగనిది జరిగిందని చెప్పొద్దు. “ఇంకా అడుగుతున్నాను, ఆయన నన్ను విడవలేదు, ప్రార్థన చేయండి” అనండి. అది నిజం కాబట్టి ధైర్యంగా చెప్పగలరు. ఆ పెద్దావిడ మీద కోపం పెట్టుకోవద్దు. ఆవిడ కూడా మీకు మేలు కలగాలనే అన్నారు, ఎవరో ఆవిడకు అలా నేర్పారు.

కార్డు ఏం చేయాలని అడిగారు, చింపేయాలా అని. చింపకండి. కీర్తన 113 దగ్గరే బైబిల్లో ఉంచండి, వచనం మాత్రమే కాకుండా తొమ్మిది వచనాలూ చదవండి. 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలు యూదులు పస్కా రాత్రి పాడేవి. ప్రభువు, శిష్యులు ఆ రాత్రి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి 26:30లో ఉంది. అంటే మీ చేతిలో ఉన్న ఆ మాటను, గిన్నె తొలగించమని అడగబోయే రాత్రే ఆయన కూడా పాడి ఉంటాడు.

పరీక్షల రోజు ఎప్పుడో రాయండి. ఆ రోజు పొద్దున మా ఇంట్లో ఇద్దరం మోకరిస్తాం.